గ్రాంట్ ప్రపోజల్ రాద్దాం – 3వ పాఠం: ఆ రీడింగ్ చూసి ఎవరేం చేస్తారు?

పోయిన పాఠంలో డబ్బు ఎవరి దగ్గరుంటుందో, ఏ దశలో ఉన్న పనికి ఎవరిస్తారో చూశాం. చివర్లో మీ ఆలోచనను సగం పేజీలో రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం బయటికి తీయండి. మొదటి వాక్యం దాదాపు ఇలా ఉండి ఉంటుంది: “దేశంలో షుగర్, బీపీ రోజురోజుకూ పెరిగిపోతున్నాయి, స్మార్ట్‌ఫోన్ అందరి చేతుల్లోకీ వచ్చేసింది, అందుకే మేము ఒక యాప్ తయారు చేయదలిచాం.” ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే రివ్యూయర్ ముందున్న కట్టలో చాలా ప్రపోజల్స్ ఇలాగే మొదలవుతాయి. డబ్బు మీకే ఎందుకివ్వాలో ఈ వాక్యం చెప్పదు.

ఈ పాఠంలో చేసేది ఒక్క పనే. ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని చోట ఇంకో వాక్యం రాస్తాం. దానికి ‘నిర్ణయ వాక్యం’ అని పేరు పెట్టుకుందాం. ఎవరు, ఏ సమాచారం చూసి, ఇప్పుడు తీసుకోలేకపోతున్న ఏ నిర్ణయం తీసుకోగలుగుతారు అన్నది అందులో ఉండాలి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్లకు రాసేవాళ్లు ‘స్పెసిఫిక్ ఎయిమ్స్’ (ప్రాజెక్టు లక్ష్యాలు) అనే ఒక్క పేజీ మీద వారాల తరబడి కూర్చుంటారు. ఆ పేజీకి ప్రాణం ఈ వాక్యమే.

ఇంట్లో బీపీ చూసుకోవడాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చాలా ఇళ్లలో డిజిటల్ బీపీ మిషన్, దాని పక్కన ఒక పాత డైరీ ఉంటాయి. ఆ డైరీ ఒకసారి తిరగేయండి. కొన్నాళ్లు వరసగా అంకెలుంటాయి, తర్వాత ఖాళీ. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నాలుగు రోజుల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, ఒకే కూర్చోవడంలో రాసినట్టు కనిపిస్తాయి. ఇంకా లోతుకు పోతే అసలు విషయం తెలుస్తుంది. మిషన్‌లో 158 వచ్చింది. “ఇప్పుడే కదా మెట్లెక్కి వచ్చాను” అనుకుని ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 142. డైరీలోకి ఎక్కేది 142. మోసం చేయాలని ఎవరూ ఇలా చేయరు, మంచి మార్కులు చూపించాలన్న ఆరాటం అంతే. కానీ డాక్టరు మందు మోతాదు నిర్ణయించేది ఆ డైరీ చూసే.

ఇప్పుడు దీన్ని ప్రపోజల్‌లోకి తెద్దాం. మొదటి ప్రయత్నం: “మా యాప్ బీపీ రీడింగులను నమోదు చేసి గ్రాఫ్ రూపంలో చూపిస్తుంది.” గ్రాఫ్ చూశాక ఎవరేం చేస్తారు? ఈ వాక్యంలో పని చేస్తున్నది యాప్ ఒక్కటే, మనుషులెవరూ లేరు.

రెండో ప్రయత్నం: “బీపీ మందు వాడుతున్నవారు అపాయింట్‌మెంట్‌కు ముందు వారం రోజులు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు బీపీ చూసుకుంటారు. ఎక్కువ వచ్చినవాటితో సహా రీడింగులన్నీ సగటుతో కలిపి ఒకే కాగితం మీద డాక్టరుకు అందితే, మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆ ఒక్క విజిట్‌లోనే తేలిపోతుందా అని పరీక్షిస్తాం.” ఇక్కడ రోగి ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు, తీసుకోవాల్సిన నిర్ణయం ఉంది. తేలిందా లేదా అని లెక్కపెట్టే వీలూ ఉంది. వారం రోజులు, రెండేసి సార్లు అన్నది నేను కల్పించిన లెక్క కాదు. ఇంట్లో బీపీ చూసే పద్ధతిగా యూరప్ బీపీ నిపుణుల సంఘం సిఫారసు చేసేది ఇదే. ఆస్పత్రిలో 140/90ని హద్దుగా తీసుకునేవాళ్లు ఇంటి సగటుకు 135/85ని హద్దుగా పెట్టుకుంటారు. ఇలాంటి చిన్న వివరం ఒకటి పడితే, మీకు సబ్జెక్ట్ తెలుసని రివ్యూయర్‌కు వేరే చెప్పనక్కర్లేదు.

వెంటనే ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది: “దీనికి యాప్ ఎందుకండీ, నోట్‌బుక్ చాలదా?” టెన్షన్ పడకండి, ప్రశ్న న్యాయమైనదే. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధులతో చేసిన టాస్మిన్‌హెచ్4 అనే ట్రయల్ ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 1,182 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపు ఇంట్లో చూసుకుని కాగితం మీద రాసి పంపింది. మూడో గుంపు మొబైల్ మెసేజ్‌ల ద్వారా పంపింది. ఏడాది తర్వాత పై బీపీ సగటు మామూలు వైద్యంలో 140.4, కాగితం గుంపులో 137.0, మొబైల్ గుంపులో 136.0. ఇంట్లో చూసుకున్నవాళ్లకు మేలు జరిగింది. కాగితానికీ మొబైల్‌కీ మధ్య మాత్రం, ఏడాది చివర్లో, చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ రీడింగులు చూసి డాక్టర్లు మందు సర్దారు. మేలంతా అక్కడుంది.

ఈ ఫలితాన్ని దాచిపెట్టి ప్రపోజల్ రాస్తే దొరికిపోతారు. మీరే ముందుగా ప్రస్తావించండి. కాగితంతో కుదరనిది ఏదైనా మీ పరికరం చేస్తుందా? మన ఉదాహరణలో చేస్తుంది: 158ని వదిలేసి 142 రాసుకునే అవకాశం లేకుండా, రీడింగ్ మిషన్ నుంచే నేరుగా వస్తుంది. అలాంటిదేమీ లేకపోతే యాప్ ఆలోచన మానేసి, మంచి డైరీ డిజైన్ చేస్తామని రాయడమే మేలు. నా ఉద్దేశంలో అలాంటి ప్రపోజల్స్ ఇంకా ఎక్కువ రావాలి.

పెద్ద ఫౌండేషన్లూ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. అమెరికాలో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 2006లో ప్రాజెక్ట్ హెల్త్‌డిజైన్ మొదలుపెట్టింది. దాన్ని నడిపింది విస్కాన్సిన్–మాడిసన్ యూనివర్సిటీలోని పట్రీషియా బ్రెనన్. ఆమె నర్సు, ఇంజనీరు కూడా. రెండో విడతలో ఐదు బృందాలకు నిధులిచ్చారు. రోగి ఇంట్లో గమనించుకునే రోజువారీ విషయాలను సేకరిస్తే సరిపోదు, అవి వైద్యంలోకి ఎలా చేరతాయో చూపించాలన్నది ఆ విడత ఉద్దేశం. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బృందం వృద్ధుల ఇళ్లలో కాఫీ మిషన్‌కు, మాత్రల డబ్బాకు, టెలిఫోన్‌కు సెన్సర్లు పెట్టింది. రోజూ చేసే పనుల్లో వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో గమనించింది. ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందం నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ యాప్ ఇచ్చింది. బిడ్డ బరువు, డైపర్లు, ఏడుపుతో పాటు తల్లి ఒత్తిడినీ అందులో నమోదు చేసుకోవచ్చు. పక్కన తల్లి ఎలా ఉందో తెలియకపోతే బిడ్డ లెక్కలు సగమే అర్థమవుతాయని ఆ బృందం గుర్తించింది చూశారా, మీ అంశంలో కూడా అలాంటి ‘పక్క మనిషి’ ఎవరో వెతకండి.

మరి వైద్య పరిశోధనలో డిగ్రీ, ల్యాబ్ లేని మామూలు మనిషికి నిధులు వస్తాయా? డేనా లూయిస్ సంగతి చూడండి. ఆమెకు టైప్ 1 డయాబెటిస్. షుగర్ మానిటర్ అలారం రాత్రిళ్లు ఆమెను నిద్ర లేపేంత గట్టిగా మోగేది కాదు. 2013లో తన సహచరుడు స్కాట్ లైబ్రాండ్‌తో కలిసి దాన్ని సరిచేసుకోవడంతో మొదలైన పని, 2015కల్లా ఇన్సులిన్ పంపును తనంతట తానే సర్దే ఓపెన్‌ఏపీఎస్ అనే ఉచిత వ్యవస్థ అయింది. తర్వాత అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి పనిచేసిన ఒక ప్రాజెక్టుకు, పైన చెప్పిన ఫౌండేషనే నిధులిచ్చింది. దానికి ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే ప్రధాన పరిశోధకురాలు, ఆమే. ఆ తరహా వ్యవస్థను న్యూజిలాండ్‌లో ప్రభుత్వ నిధులతో 97 మంది మీద 24 వారాలు పరీక్షించి, 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. వాడినవాళ్ల షుగర్ హద్దుల్లో ఉన్న సమయం, వాడనివాళ్ల కంటే 14 శాతం పాయింట్లు ఎక్కువ. అంటే రోజుకు మూడు గంటలకు పైనే. ఆమె నిర్ణయ వాక్యం మొదటి రోజు నుంచీ తయారుగా ఉంది: రాత్రి షుగర్ పడిపోతే నన్ను ఏదో ఒకటి లేపాలి.

మన దగ్గర తొలి మెట్టుగా చాలామంది చూసేది కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంట్. 50 లక్షల వరకు, 18 నెలలు. హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దీనికి భాగస్వామి. షరతులు విడత విడతకూ మారొచ్చు, ఆ విడత ప్రకటన చదివాకే ముందుకెళ్లండి.

బడ్జెట్ గురించి ఒక్క మాట, మిగతాది ఐదో పాఠంలో. చాలామంది డబ్బంతా యాప్ డెవలపర్‌కూ సర్వర్‌కూ రాసేస్తారు. మన ఉదాహరణకు 40 మంది, మూడు నెలలు అనుకోండి. ఒక్కో మిషన్ 2,000 చొప్పున 80,000. రానుపోను ఖర్చులకు మనిషికి నెలకు 200 చొప్పున 24,000. ఇళ్లకు వెళ్లి కఫ్ (చేతికి చుట్టే పట్టీ) సరిగ్గా కట్టుకుంటున్నారా లేదా చూసే మనిషికి నెలకు 25,000 చొప్పున, ఏర్పాట్లకు పట్టే నెలతో కలిపి నాలుగు నెలలకు లక్ష. మొత్తం 2,04,000. ఇవి అభ్యాసం కోసం వేసిన అంకెలు, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఆ మూడో ఖర్చును మాత్రం కోయకండి. కఫ్ వదులుగా కట్టిన చేతి నుంచి వచ్చిన రీడింగును ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఇంటిపని: మీ నిర్ణయ వాక్యం రాసి, ఆ పరికరం నిజంగా వాడాల్సిన ఒకరికి వినిపించండి. అమ్మో, మామయ్యో, పక్కింటి పిన్నిగారో ఎవరైనా పర్లేదు. “బాగుంది నాయనా, అయితే నేనేం చెయ్యాలి?” అని అడిగితే మళ్లీ రాయండి. “అది నాకొద్దు, డాక్టరు అవి చూడడు” అంటే ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. వచ్చే పాఠంలో ఎథిక్స్ కమిటీ దరఖాస్తు, తెలుగులో అంగీకార పత్రం రాస్తాం. అక్కడ ఆ మాటతో పని పడుతుంది.