వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్లిఫయర్ గుంయ్‌మంటోందా?

వెంటనే మూత విప్పకండి. ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పి వినండి. మోత కూడా తగ్గిందంటే తేడా చాలావరకు బయటి వైర్లదే. ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేసి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టి చూడండి. మా ఇంట్లో అసలు దొంగ సెట్‌టాప్ బాక్సే! కేబుల్ టీవీ వైరు తీయగానే గదంతా నిశ్శబ్దం.

వాల్యూమ్ తగ్గించినా మోత అలాగే ఉంటే పవర్ సప్లైలో కరెంటు ఎగుడుదిగుళ్లను సరిచేసే పాత ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. అవి అరిగితే మన 50 హెర్ట్జ్ కరెంటుకి సాధారణంగా 100 హెర్ట్జ్ మోత వస్తుంది. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. స్విచ్ ఆపేశాక కూడా వాటిలో 300, 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

మోత పోతుందని కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తారు. కొన్నిసార్లు పోతుంది, నిజమే. కానీ లోపల ఏదైనా షార్ట్ అయితే డబ్బా ముట్టుకున్నవాళ్లకి షాకే.