వీపీఎన్ కనెక్ట్ అయ్యింది, నెట్ పోయింది – 3వ భాగం: పేరు దొరకట్లేదా, దారే లేదా

పోయిన భాగంలో వీపీఎన్ ఆన్ చేయగానే మన సిస్టమ్‌లో కొత్త అడాప్టర్ (నెట్‌వర్క్ కార్డులా పనిచేసే సాఫ్ట్‌వేర్) ఒకటి ఎలా పుట్టుకొస్తుందో చూశాం కదా, ఇవాళ అసలు గొడవలోకి దిగుదాం. పైన "కనెక్టెడ్" అని ఉంటుంది, బ్రౌజర్‌లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోదు. వెంటనే లేచి వెళ్లి రౌటర్ ఆపి ఆన్ చేస్తుంటారు చాలామంది, దానివల్ల ఒరిగేది తక్కువే, వీపీఎన్ సర్వర్ దాకా వెళ్లి కనెక్ట్ అయ్యిందంటేనే మీ లైన్ బానే ఉన్నట్టు.

వీపీఎన్ ఆన్‌లోనే ఉంచి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8 కి పింగ్ (అవతలి మిషన్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) కొట్టండి (గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్ అది, అంటే సైట్ పేరు చెబితే దాని అంకెల అడ్రస్ చెప్పేది), తర్వాత ఏదైనా సైట్ పేరుకి కొట్టండి. అంకెలకి రిప్లై వచ్చి పేరుకి రాకపోతే దారి ఉంది, డీఎన్ఎస్సే పలకట్లేదు. వీపీఎన్ అడాప్టర్ ఐపీవీ4 (అంకెల అడ్రస్‌ల) సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల డీఎన్ఎస్) పెట్టి చూడండి. ఆఫీస్ వీపీఎన్ అయితే ఇది టెస్ట్ వరకే, వాళ్ల లోపలి సైట్ల పేర్లు వాళ్ల డీఎన్ఎస్‌కే తెలుస్తాయి కాబట్టి మళ్లీ తీసేయాలి.

రెండిటికీ రాలేదా, అయితే రూటింగ్, అంటే డేటా ఏ దారిన పోతోందో చూడాల్సిందే (కొన్ని వీపీఎన్‌లు పింగ్‌నే బ్లాక్ చేస్తాయి, పేజీలు కూడా రావట్లేదని ఖాయం చేసుకున్నాకే ఇటు రండి). విండోస్‌లో రూట్ ప్రింట్ (route print) కమాండ్ ఇస్తే పెద్ద పట్టిక వస్తుంది, భయపడకండి, మనక్కావాల్సింది 0.0.0.0 తో మొదలయ్యే లైన్లే, వేరే దారి రాసిలేని ట్రాఫిక్ అంతా పోయేది వాటిమీదే. అలాంటివి రెండుంటే మెట్రిక్ (ఆ దారికి ఇచ్చిన ఖర్చు అంకె) తక్కువున్నది గెలుస్తుంది, అది వీపీఎన్‌ది అయితే మీ ట్రాఫిక్ దాదాపు అంతా టన్నెల్‌లోకే (మీ సిస్టమ్‌కీ వీపీఎన్ సర్వర్‌కీ మధ్య దారి) పోతోంది, అవతల సర్వర్ దాన్ని బయటికి పంపకపోతే అక్కడితో సరి. ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇంకో ఎత్తు వేస్తుంది, పాత లైన్‌ని ముట్టుకోకుండా 0.0.0.0 కి ఒకటి, 128.0.0.0 కి ఒకటి, మొత్తం అడ్రస్‌లని సగం సగం చొప్పున పంచుకునే రెండు రూట్లు వేస్తుంది, ఎంత నిర్దిష్టమైన రూట్ అయితే దానికే ముందు ఛాన్స్ కాబట్టి మెట్రిక్‌తో పనిలేకుండా అవే గెలుస్తాయి.

విండోస్‌తోపాటే వచ్చే వీపీఎన్ అయితే అడాప్టర్ ప్రాపర్టీస్, ఐపీవీ4, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రిమోట్ నెట్‌వర్క్ డిఫాల్ట్ గేట్‌వే వాడమనే టిక్ తీసేసి, డిస్కనెక్ట్ చేసి మళ్లీ కలపండి, నెట్ వస్తుంది. కానీ అప్పట్నించి మీ బ్రౌజింగ్ టన్నెల్ బయటే నడుస్తుంది, ఐపీ దాచుకోవడానికే వీపీఎన్ వాడేవాళ్లకి ఈ మందు వద్దు. ఆఫీస్‌దైతే అడ్మిన్‌ని అడగకుండా ముట్టుకోకండి. సర్వర్ మీదే అయితే, లైనక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (వచ్చిన ట్రాఫిక్‌ని ముందుకు పంపే సెట్టింగ్) 1 అయ్యిందా, నాట్ (NAT, బయటికి పోయే ట్రాఫిక్‌కి సర్వర్ అడ్రస్ తగిలించేది) రూల్ ఉందా చూడండి, సొంతంగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఈ రెండే.

పింగ్ వస్తుంది, పేరు దొరుకుతుంది, అయినా పేజీ సగంలో ఆగిపోతుంది అనేవాళ్లది ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చనే హద్దు) కేసు కావచ్చు, అది 4వ భాగంలో. ఈలోపు వీపీఎన్ లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి రూట్ ప్రింట్ తీసి నోట్‌ప్యాడ్‌లో పక్కపక్కన పెట్టుకోండి, ఏ లైన్లు కొత్తగా వచ్చాయో మార్క్ చేసి ఉంచండి, 4వ భాగంలో అవే కావాలి.