కీమో నోటిపూతకు ఉప్పు, వంటసోడా నీళ్లు

కీమో ఎక్కించిన వారానికి మా ఆవిడ నోరంతా పూసి, చారన్నం కూడా మింగలేకపోయింది. కొన్న మౌత్‌వాష్‌లో ఆల్కహాల్ ఉండి ఇంకా మండింది. నర్సమ్మ చెప్పాక ఇలా చేస్తున్నాం: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా. ఇక్కడ చెన్నై కొట్లలో ‘ఆప్ప సోడా’ అని అడగాలి, బేకింగ్ పౌడర్ వద్దు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. లేచి వెళ్లే ఓపిక ఉండదు పాపం, అందుకే సీసా, గిన్నె మంచం పక్కనే పెడతాను.

నోట్లో తెల్లమచ్చలు వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు తాకినా దీన్ని నమ్ముకోకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయండి, వాళ్లను అడక్కుండా పారాసెటమాల్ వేయకండి.