చలి తోట, నాలుగో పాఠం: సంక్రాంతి నుంచి వెనక్కి

పోయిన పాఠంలోని ఒక్క వాక్యం నాకు చాలా చీవాట్లు తెచ్చిపెట్టింది: "కాలీఫ్లవర్ నారు దీపావళికి నాటండి."

ఆ మాట రాసిన 2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. నా మడిలో పంట బాగుంది కాబట్టి ధైర్యంగా రాసేశాను. మీలో చాలామంది దాన్ని 2025లో పాటించారు. ఆ ఏడు పండుగ అక్టోబరు 20నే వచ్చింది. నాటి పది రోజులైనా కాకముందే మొంథా తుపాను వాన వరంగల్, హనుమకొండలను ముంచెత్తింది. "మడిలో నారుకు బదులు చేపపిల్లలు వదలమని రాయాల్సింది" అని పరకాల నుంచి ఒకరు దెప్పారు. పడాల్సిన మాటే. తుపానును నేను తేలేదు కానీ, లేత నారును దాని ముందు నిలబెట్టింది నా వాక్యమే.

తప్పు ఎక్కడ జరిగిందంటే, దీపావళి చంద్రుడి లెక్క, చలి సూర్యుడి లెక్క. 2023లో దీపావళి నవంబరు 12న, 2025లో అక్టోబరు 20న. ఇరవై మూడు రోజుల తేడా. వరంగల్‌లో కూరగాయలకు పనికొచ్చే చలి నవంబరు నడుమ మొదలై ఫిబ్రవరి మొదటి వారానికి పలచబడుతుంది, అంటే ఎనభై రోజులు. అందులో పావు వంతుకు పైగా పండుగ మీద వదిలేశామన్నమాట. శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుందని అంటాం కదా, ఆ శివరాత్రి 2024లో మార్చి 8న, 2026లో ఫిబ్రవరి 15న. ఏ శివరాత్రికి పోయినట్టు? మన పెద్దలు విత్తనానికి కార్తెలు చూసింది ఇందుకే. కార్తెలు సూర్యుడివి, ఒకటి రెండు రోజులకు మించి కదలవు. సంక్రాంతి కూడా అంతే, జనవరి 14 లేదా 15.

కాబట్టి ఇకపై కోత రోజుగా సంక్రాంతికి మేకు కొట్టి, అక్కడి నుంచి వెనక్కి నడుద్దాం. చలిదేశాల తోటమాలులు మంచు గడ్డకట్టే తొలి రోజు నుంచి వెనక్కి లెక్కిస్తారు. అక్కడ పంటను చంపేది చలి, ఇక్కడ ఎండ. లెక్క మాత్రం ఒకటే.

70 రోజుల కాలీఫ్లవర్ రకం తీసుకోండి. జనవరి 14 నుంచి 70 రోజులు వెనక్కి వెళితే నవంబరు 5. అది నాటే రోజు. నారు మడిలో 28 రోజులు కావాలి, అంటే విత్తనం అక్టోబరు 8న, హస్త కార్తెలో. నేను వేళ్లు మడవను. 70 రోజులంటే పది వారాలు. సంక్రాంతి బుధవారమైతే పది బుధవారాలు వెనక్కి వెళతాను. క్యాలెండర్ గోడ మీదే ఉంటుంది, కాగితం అక్కర్లేదు.

ఇక నన్ను విసిగించే సంగతి. విత్తన ప్యాకెట్ మీద 70 రోజులు అని ఉంటుంది. ఎప్పటి నుంచి? పదిమందిలో ఎనిమిదిమంది విత్తనం చల్లిన రోజు నుంచి లెక్కపెట్టి, సంక్రాంతికి మొక్కలో ఆకులే ఉన్నాయని నాకు రాస్తారు. నారు పోసి నాటే పంటలకు (కాలీఫ్లవర్, క్యాబేజీ, టమాటా, వంగ) ఆ అంకె మామూలుగా నాటిన రోజు నుంచి. నేరుగా విత్తే పంటలకు (క్యారెట్, ముల్లంగి, బఠాణి) విత్తిన రోజు నుంచి. ఈ తేడా మరిచిపోతే నాలుగు వారాలు పోయినట్టే. ఇంకొకటి, ఆ అంకె తొలి కోతది. కాలీఫ్లవర్ మొక్కకు ఒక్కసారే కోస్తాం కాబట్టి అంకె అక్కడికే సరి. టమాటా అలా కాదు, తొలి కాయ తెంపాక నెలకు పైగా కాస్తూనే ఉంటుంది. తొలి కాయను సంక్రాంతికి పెట్టుకుంటే మిగిలిన కాపు ఎండలోకి జారి పూత రాలుతుంది. టమాటాకు మేకు సంక్రాంతికి కాదు, డిసెంబరు మొదటి వారానికి కొట్టండి. బఠాణికి కోత కన్నా పూత ముఖ్యం. ఎండ 30 డిగ్రీలు దాటితే పువ్వు నిలవదు. పూతకు దాదాపు 40 రోజులు పడుతుంది కాబట్టి స్వాతి కార్తె చివర, నవంబరు తొలి రోజుల్లో విత్తితే డిసెంబరు నడుమ పూస్తుంది.

జనగామ నుంచి వచ్చిన ప్రశ్న: తేదీ సరిగ్గానే ఉంది, ఆకులు గొడుగులంత పెరిగాయి, పువ్వు లేదు, ఎందుకు? రకం పేరు అడిగితే స్నోబాల్ అన్నారు. అది ఆలస్యపు రకం, పువ్వు కట్టడానికి 10 నుంచి 16 డిగ్రీల చలి అడుగుతుంది. మన పగళ్లు అంత చల్లబడవు. అలాగని పూసా దీపాలి లాంటి ముందస్తు రకాన్ని బాగా ఆలస్యంగా నాటితే బొత్తాం అంత పువ్వు వచ్చి ఆగిపోతుంది. మధ్య రకం అడిగి కొనండి. ఉట్నూరు, ఆదిలాబాద్ వైపు వారికి చలి గట్టిది, స్నోబాల్ ఒక మడి వేసి చూడవచ్చు.

క్యాబేజీ నాకు నచ్చదు, కాలీఫ్లవర్ తేదీలే వాడుకోండి. పాలకూర, మెంతికి లెక్క అక్కర్లేదు.

అభ్యాసం: అయిదు ప్యాకెట్లు ముందు పెట్టుకుని ఒక్కోదానికి మూడు తేదీలు రాయండి: కోత, నాటు, విత్తు. పక్కనే ఆ రోజు ఏ కార్తెలో పడుతుందో రాయండి. తర్వాత సంక్రాంతి బదులు జనవరి 31కి మేకు మార్చి మొత్తం మళ్లీ కట్టండి. దీనితోపాటు అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ప్రతిరోజూ ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి మీ మడి పక్కన ఉష్ణోగ్రత రాసుకోండి. విసుగు పుడుతుందని తెలుసు. అయిదో పాఠం ఆ పుస్తకం చేతిలో ఉన్నవారికే.