నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోందా? తేడా ఎక్కడుందో చూడండి

మూడు నెలలు దాటినా పోని నొప్పుల గురించే ఇది. నిన్నగాక మొన్న కాలు బెణికిన వాళ్లకు కాదు.

సమస్య: ఫిజియోథెరపిస్ట్ (ఫిజియో) దగ్గర మెషిన్‌తో కరెంటు పెట్టించుకున్నన్ని రోజులు హాయిగా ఉంటుంది, మానేస్తే మళ్లీ మొదలు.
కారణం: ఆ మెషిన్ నొప్పిని కాసేపు అణుస్తుంది, కండరానికి బలం ఇవ్వదు. బలం వచ్చేది ఎక్సర్‌సైజులతో, మనం ముందుగా వదిలేసేదీ వాటినే.
పరిష్కారం: ఇంట్లో చేసుకోవడానికి రెండు మూడు నేర్పించమని మొదటి రోజే అడగండి. మోకాళ్ల నొప్పికైతే సాధారణంగా ముందు నేర్పేది ఇది: కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ ఐదు లెక్కపెట్టేదాకా తొడ బిగించి వదలాలి. "గుజ్జు అరిగింది, ఇంకేం చేసినా లాభం లేదు" అనుకుని కూర్చోకండి. అరిగిన గుజ్జు తిరిగి రాకపోయినా తొడ కండరం గట్టిపడితే మెట్లెక్కడం, లేచి నిలబడడం తేలికవుతుంది, కాకపోతే 6 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి.

సమస్య: ఒకరోజు బాగుందని పొద్దంతా పత్తి ఏరితే, తర్వాత రెండు రోజులు మంచం దిగలేరు.
కారణం: నొప్పి చాలాకాలం ఉంటే నరాలు చిన్న ఒత్తిడికే గట్టిగా స్పందిస్తాయి. లోపల ఏదో తెగిందని కాదు. భయపడి పూర్తిగా పడుకుంటే కండరాలు ఇంకా బలహీనమవుతాయి.
పరిష్కారం: నొప్పి మొదలవకముందే ఆగాలి. గంటకు నడుము పట్టేస్తుందంటే నలభై నిమిషాలకే నిలబడి నాలుగు అడుగులు వేయండి, వారం వారం కొంచెం పెంచండి. కిలో లెక్కన కూలి వచ్చే పనిలో ఇది కష్టమే, కానీ మంచాన పడితే పోయే రెండు రోజుల కూలి కూడా లెక్కలోకి తీసుకోండి.

సమస్య: బీడీలు చుట్టే అక్కలకు మెడ, భుజాలు లాగడం.
కారణం: చేట ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ తల వంచడం.
పరిష్కారం: గోడకు ఆనుకోండి, చేట కింద దిండు పెట్టి ఎత్తు పెంచండి, అరగంటకోసారి భుజాలు తిప్పండి.

సమస్య: ఎక్సర్‌సైజ్ చేస్తే నొప్పి పెరుగుతోంది.
పరిష్కారం: కొద్దిగా పెరిగి తెల్లారేసరికి తగ్గితే పర్వాలేదు. తగ్గకపోతే సగం చేయండి, మొత్తం మానకండి, ఫిజియోకు చెప్పండి.

నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టర్‌కు చూపించాలి. నడుము నొప్పితో మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, కాలు పట్టు తప్పుతున్నా తెల్లారేదాకా ఆగకండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకో దగ్గర్లోని పెద్దాసుపత్రికో అప్పుడే వెళ్లండి.