తడినేల మీద మధుమేహం: పాదంలో పుండు పడితే చేయవలసినవి

దమ్ముచేసిన సార్వా చేలల్లోనూ రొయ్యల చెరువుల గట్ల మీదా పనిచేసే గోదావరి డెల్టా మనిషికి కాళ్లు తడవని రోజు అరుదు. మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదాల నరాలు స్పర్శ కోల్పోతాయి, కాళ్లకు రక్తం తీసుకెళ్లే నాళాలు పూడుకుపోతాయి. ఆ స్థితిలో నత్తగుల్ల కోసినా, చెప్పులో ఇసుకరాయి ఒరిసినా తెలియదు కనుక, నొప్పి లేదన్న ధైర్యంతో గాయాన్ని వదిలేయకూడదు.

రోజూ పడుకునేముందు కాళ్లు కడుక్కుని, వేళ్ల సందులు పొడిబట్టతో అద్ది, అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. చూపు మందగించిన పెద్దవారి పాదాలను ఇంట్లోవారు చూడాలి. నీటిలో నాని పాసిపోయిన సందుల్లో ఫంగస్ చేరి చర్మం చిట్లుతుంది. బ్యాక్టీరియా లోపలికి వెళ్లే దారుల్లో అదొకటి.

పుండు ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లు కాదు. వాపు, ఎరుపు, వేడి, నొప్పి, చీము, వీటిలో కనీసం రెండు కనిపిస్తేనే అలా భావిస్తారు. చామనఛాయ చర్మం మీద ఎరుపు తేలిగ్గా కనబడదు. అందుకే రెండు పాదాలనూ తాకి వేడిలో తేడా గమనించాలి. ఎరుపు పుండు అంచు నుంచి 2 సెంటీమీటర్లు దాటినా, వేలు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం వణుకు తోడైనా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్త గాయంలో సాధారణంగా స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ ఉంటాయి. పాత పుండులో, ముఖ్యంగా ఇప్పటికే మందులు వాడినదానిలో, ఇ.కోలై, ప్రోటియస్, క్లెబ్సియెల్లా వంటివి కలుస్తాయి. రక్తం అందక కుళ్లిన కండలో ఆక్సిజన్ లేకుండా బతికే జాతులు పెరుగుతాయి. వేడి, తడి ఉన్న ప్రాంతాల్లో సూడోమొనాస్ మరింత తరచుగా కనిపిస్తుంది. అందువల్ల మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ పనిచేయకపోవచ్చు. పైగా తరువాతి పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. పైపై చీమును దూదితో అద్ది పంపితే చర్మం మీది క్రిములే తేలతాయి కాబట్టి, పుండును శుభ్రం చేశాక అడుగు నుంచి కండ ముక్క తీసి కల్చర్‌కు (క్రిములను పెంచి గుర్తించే పరీక్షకు) పంపమని వైద్యుడిని అడగడంలో తప్పులేదు. వరిచేలో పనిచేస్తారని కూడా చెప్పండి: మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కలిగించే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా తడిమట్టిలో బతుకుతుంది, మధుమేహం ఉన్నవారికి దాని ముప్పు ఎక్కువ.

చికిత్స మాత్రలతో ముగియదు. చచ్చిన కండను తొలగించాలి, రక్తప్రసరణ పరీక్షించాలి, చక్కెరను అదుపులోకి తేవాలి, పుండు మీద బరువు పడకుండా చూడాలి. అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ చివరిదే. పుండున్న కాలితోనే చేనికి నడిచేవారికి ఎంత ఖరీదైన మందు ఇచ్చినా గాయం మానదు. ఇన్‌ఫెక్షన్ మెత్తటి కండకే సోకితే సాధారణంగా 1 నుంచి 2 వారాల యాంటీబయాటిక్ సరిపోతుంది. ఎముకకు సోకి, దానిని తీయకపోతే 6 వారాల దాకా అవసరం. ఇన్‌ఫెక్షన్ లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కరలేదు.

నివారణకు ఇంట్లోనూ ఎం.సి.ఆర్. (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకోవాలి, గమ్‌బూట్లను తొడిగేముందు దులిపి, విప్పాక ఆరబెట్టాలి, ఆనెకాయలను బ్లేడుతో కోయకూడదు, వేడినీళ్ల కాపడం మానుకోవాలి. ఏడాదికొకసారి 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో) స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. ఒకసారి పుండుపడి మానినవారు మాత్రం 1 నుంచి 3 నెలలకొకసారి పాదాలను వైద్యుడికి చూపించుకోవాలి.