పాతకాలపు కారు శీతలీకరణ – పాఠం 4: రేడియేటర్ కోర్ మార్చడం

గత పాఠంలో థర్మోస్టాట్, వాటర్ పంప్, ఫ్యాన్ బెల్టు సరిగానే ఉన్నాయని రూఢి చేసుకుని, ఇంజన్ వేడెక్కి ఆగిన తరువాత కూడా కోర్ (రేడియేటర్‌లో ట్యూబులు, రేకులు కలిసిన మధ్యభాగం) నడుమ కొంత భాగం చల్లగా తగలడాన్ని బట్టి లోపలి ట్యూబులు పూడుకుపోయాయని నిర్ధారించుకున్నాం. కడిగినా నీరు ధారాళంగా దిగనప్పుడు, పైనా కిందా ఉన్న ఇత్తడి ట్యాంకులను దాచుకుని, మధ్యనున్న కోర్‌ను మాత్రమే మార్చాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి, కూలంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) డబ్బాలోకి దింపి, డబ్బా మూత బిగించండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కనుక పెంపుడు జంతువులు దానిని నాకే ప్రమాదం ఉంది. రేడియేటర్‌ను విప్పేముందు కోర్ ఎత్తు, వెడల్పు, మందం, ట్యూబుల వరుసలు, హోస్ గొట్టాల కోణం రాసిపెట్టుకోండి. మూడు వరుసల చోట నాలుగు వేయిద్దామని ఆశపడేవారు ఫ్యాన్ రెక్కకూ కోర్‌కూ మిగిలే ఎడాన్ని ముందుగా కొలవడం మంచిది.

ట్యాంకుకూ హెడర్ ప్లేటుకూ (ట్యూబుల చివరలు అమరి ఉండే పలకకూ) మధ్యనున్న మాటు (సోల్డర్) సీసం, తగరం కలిసిన లోహం. అది సుమారు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది కాబట్టి మెత్తని మంట చాలు, ఇత్తడి ఎర్రబడిందంటే వేడి మితిమీరినట్టే. బూడిదరంగు మాటు ఒక్కసారిగా పాదరసంలా మెరిసిన క్షణంలో తీగ బ్రష్‌తో తుడిచేస్తూ, జానెడు జానెడుగా ముందుకు సాగాలి. మూత మెడ, ఓవర్‌ఫ్లో గొట్టం కూడా మాటుతోనే అతికి ఉంటాయి కనుక వాటిపై తడిగుడ్డ చుట్టండి. సీసంతో పని కాబట్టి గాలి ఆడేచోట చేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పనంతా నిజానికి శుభ్రతలోనే ఉంది. అతికే రెండు అంచులనూ తళతళలాడేలా రుద్ది, ఫ్లక్స్ (మాటు బాగా పట్టేలా చేసే రసాయనం) రాసి, విడివిడిగా పలుచని కళాయి పూసిన తరువాతే కొత్త కోర్‌ను ట్యాంకులో కూర్చోబెట్టండి. మంటను మాటు కడ్డీకి కాక ఇత్తడికి చూపిస్తే, కరిగిన లోహాన్ని సందే లోపలికి లాక్కుంటుంది. కడ్డీని కరిగించి పైన పోసిన మాటు చూపుకు బాగున్నా కొద్దిరోజుల్లోనే కారుతుంది.

మిగిలిన ఫ్లక్స్‌ను వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, గొట్టాలకు బిరడాలు బిగించి, రేడియేటర్‌ను నీటిలో ముంచి గాలి ఎక్కించండి. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి మూత ఉన్న కారులో పరీక్ష కూడా అంతకు మించరాదు. ప్రెషర్ మూతే లేని మరింత పాత వ్యవస్థకు ఇంకా తక్కువ చాలు, లేకపోతే చదునైన ట్యాంకు గోడలు ఉబ్బుతాయి. బుడగలు రాకపోతే ఫిన్లపై (ట్యూబుల మధ్యనున్న పలుచని రేకులపై) నల్లరంగు పలుచగా చల్లండి. మందపు పూత వేడిని బయటికి పోనివ్వదు.

వచ్చే పాఠంలో రేడియేటర్‌ను కారులో బిగించి, లోపల గాలి చిక్కుకోకుండా కూలంట్ నింపడం చూద్దాం.